ఉత్తర మిన్నెసోటాలో 40 ఎకరాల అడవి మీ చేతిలో ఉంటే: వదిలేయాలా, పలచన చేయాలా, కొత్త చెట్లు నాటాలా?

2023 చివర్లో మా రెడ్ పైన్ చెట్లను పలచన చేయించడానికి, అంటే కొన్ని కొట్టించి మిగతావాటికి చోటివ్వడానికి, ఒప్పందం రాసుకున్నాం. ఉత్తర మిన్నెసోటాలో ఇలాంటి పనులు ఎక్కువగా చలికాలంలోనే చేస్తారు. నేల గడ్డకట్టి రాయిలా బిగుసుకుంటేనే బరువైన యంత్రాలు దిగబడకుండా, వేళ్లు నలిపేయకుండా చెట్ల మధ్య తిరగగలవు. డిసెంబరు గడిచింది, జనవరి గడిచింది. నేల బిగియలేదు, మంచు కూడా చెప్పుకోదగ్గంత పడలేదు. రాష్ట్రంలో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వెచ్చని చలికాలం ఇంకొకటి లేదు. ఫిబ్రవరిలో కలప కొట్టే ఆయన ఫోన్ చేసి, "ఈ ఏడు కుదరదు, వచ్చే చలికాలం చూద్దాం" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మా అడవిలోకి వెళ్లే దారి బాడవ (చిత్తడి నేల) మీదుగా పోతుంది.

ఆ ఏడాది పని ఆగిపోవడంతో, అసలు ఈ 40 ఎకరాలకు ఏం చేస్తే మంచిదో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. ఫారెస్టర్లతో తిరిగాను, ప్రయోగాలు జరుగుతున్న అడవులకు వెళ్లి చూశాను. మినియాపొలిస్ చుట్టుపక్కల మనవాళ్లు ఈమధ్య చెరువు పక్క క్యాబిన్ కోసమో, పిల్లలకు ఉంటుందనో ఉత్తరాన భూమి కొంటున్నారు. "అన్నా, కొనడమైతే కొన్నాం, ఆ చెట్లను ఏం చెయ్యాలి?" అని నన్ను అడిగినవాళ్లు నలుగురైదుగురున్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ఎకరం లెక్క మనకు చెప్పక్కర్లేదు. 40 అన్న అంకె ఇక్కడ మళ్లీ మళ్లీ వినపడటానికి కారణం పాత సర్వే. చదరపు మైలు 640 ఎకరాలు. దాన్ని నాలుగు చేసి, అందులో ఒకదాన్ని మళ్లీ నాలుగు చేస్తే 40. ఇక్కడ అడవి భూమి అమ్మకాలు చాలావరకు ఈ ముక్కల్లోనే జరుగుతాయి.

## ముందుగా చూసుకోవాల్సినవి

40 ఎకరాలూ ఒకే అడవి అనుకోవడం నేను మొదట్లో చేసిన పొరపాటు. నడిచి చూస్తే మా దాంట్లో నాలుగు అడవులున్నాయి. 14 ఎకరాలు 1960ల్లో వరసగా నాటిన రెడ్ పైన్. 12 ఎకరాలు ఆస్పెన్, దాని నీడలో కిక్కిరిసిన బాల్సమ్ ఫర్ అనే సూదాకుల చెట్టు. 6 ఎకరాలు బ్లాక్ యాష్ ఉన్న బాడవ. మిగిలిన 8 ఎకరాలు షుగర్ మేపుల్, పేపర్ బిర్చ్ కలిసిన మెట్ట. మీరు ఏ దారి ఎంచుకున్నా ముక్క ముక్కకీ విడిగా ఎంచుకోండి. అడవి మొత్తానికి ఒకే మందు వేయాలన్న ఆలోచన దగ్గరే చాలామంది ఇరుక్కుపోతారు.

ఏ చెట్టు, ఎంత వయసు. మిన్నెసోటా సగటు ఉష్ణోగ్రత 1895 నుంచి ఇప్పటికి సుమారు 3 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగింది. వేసవి కంటే చలికాలం ఎక్కువ వేడెక్కింది. ఈ రాష్ట్రంలో చాలా చెట్లు తమ హద్దు దగ్గర నిలబడి ఉన్నాయి. బాల్సమ్ ఫర్, బ్లాక్ స్ప్రూస్, పేపర్ బిర్చ్, టామరాక్ లాంటివి ఇంకా ఉత్తరాన కెనడా దాకా పరుచుకున్న చెట్లు, వాటికి ఇది దక్షిణపు అంచు. ఓక్‌లకు, చాలా మేపుల్‌లకు ఇది ఉత్తరపు అంచు. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 2014లో ఈ రాష్ట్ర అడవుల మీద వేసిన అంచనా కూడా మొదటి గుంపు తగ్గుతుందని, రెడ్ మేపుల్, బర్ ఓక్, రెడ్ ఓక్ లాంటివి నిలదొక్కుకుంటాయని చెబుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు క్లోకే, ఈలీ ఊళ్ల దగ్గర ఆరుబయట అడవిలోనే దీపాలతో మొక్కలను, తీగలతో నేలను వేడి చేసి ఏళ్ల తరబడి గమనించారు. మూడు డిగ్రీల సెల్సియస్ వరకు పెంచేసరికి ఫర్, స్ప్రూస్ మొక్కలు బాగా దెబ్బతిన్నాయి. మేపుల్ తట్టుకుంది.

నేల, నీరు. ఇసుక నేల కరువు ఏడాదిలో ముందు ఎండుతుంది, బంకమట్టి కొంత ఆదుకుంటుంది. బాడవ అయితే లెక్కే వేరు, దాని గురించి కింద విడిగా రాశాను.

యంత్రం వెళ్లే దారి. మెట్ట మీదుగా దారి ఉంటే వేసవి చివర్లోనో శరదృతువులోనో పని చేయించుకోవచ్చు. బాడవ దాటాలంటే గడ్డకట్టిన నేల కోసం ఎదురుచూడాలి, అలాంటి వారాలు ఏటా తగ్గుతున్నాయి. కొనకముందే ఇది చూసుకోమని అందరికీ చెబుతున్నాను.

జింకలు. తెల్లతోక జింక ఈ అడవిలో ఏ మొక్క పెరగాలో నిర్ణయిస్తుంది. వైట్ పైన్, ఓక్, సీడార్ మొక్కలంటే దానికి ప్రాణం. స్ప్రూస్ జోలికి పెద్దగా రాదు. కాపలా లేకుండా ఓక్ నాటడం అంటే జింకకు మేత వేయడమే.

ఇల్లు ఎక్కడుంది. చెట్ల మధ్య ఇల్లు ఉంటే ఆ చుట్టుపక్కల నిర్ణయం అగ్ని ప్రమాదాన్ని బట్టే తీసుకోవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

మీరు ఎన్నాళ్లు ఉంచుకుంటారు. ఐదేళ్లలో అమ్మేసేవాళ్లకు, పిల్లలకు ఇద్దామనుకునేవాళ్లకు ఒకే సలహా పనికిరాదు.

మా ఊరికి గంటలోపు ప్రయాణంలో, చిప్పెవా నేషనల్ ఫారెస్ట్‌లో కట్‌ఫుట్ అనే ప్రయోగ అడవి ఉంది. అక్కడ రెడ్ పైన్ అడవిని ఒక్కోటి 10 హెక్టార్ల ముక్కలుగా తీసుకుని నాలుగు పద్ధతులను పక్కపక్కన పరీక్షిస్తున్నారు. ముట్టుకోకుండా వదలడం ఒకటి. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం రెండోది. దెబ్బ తగిలినా కోలుకునేలా తయారుచేయడం మూడోది. రాబోయే వాతావరణానికి తగ్గ చెట్లకు మెల్లగా మారడం నాలుగోది. 2014–15 చలికాలంలో చెట్లు కొట్టి, 2016లో మొక్కలు నాటారు. ఈ విభజన నాకు బాగా నచ్చింది. ఉత్తరాన భూమి ఉన్నవాళ్లకు ముఖ్యమైన ఐదోదాన్ని, అంటే ఆస్పెన్‌ను పూర్తిగా కొట్టి పిలకలు రానివ్వడాన్ని, నేను చేరుస్తున్నాను.

## 1. ముట్టుకోకుండా వదిలేయడం

"ప్రకృతిని దాని మానాన వదిలేద్దాం" అని మొదట అందరికీ అనిపిస్తుంది. ఖర్చు లేదు, మనసుకు హాయి. దీని అందం చూడాలంటే చిప్పెవా అడవిలోని లాస్ట్ ఫార్టీకి వెళ్లండి. 1882లో సర్వేవాళ్లు ఆ 144 ఎకరాలను పొరపాటున చెరువుగా గీశారు. చుట్టూ ఉన్న పైన్ అంతా కోతకు పోయినా, పటంలో నీళ్లుగా ఉన్న ఆ ముక్కను ఎవరూ ముట్టుకోలేదు. 300 ఏళ్లు దాటిన పైన్ చెట్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందని మానులు. మా అమ్మ వచ్చినప్పుడు ఒక చెట్టు బెరడు మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ పైన్‌లు పెరిగిన రోజుల్లో ఆ అడవుల్లో నేల మీద పాకే చిన్న మంటలు తరచూ వచ్చేవి. కొన్ని పిడుగుల వల్ల, కొన్ని ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు బ్లూబెర్రీ పొదల కోసం పెట్టినవి. రెడ్ పైన్‌కు మందమైన బెరడు, మంట దాన్ని పెద్దగా ఏమీ చేయదు. కింద మొలిచే ఫర్‌ను మాత్రం తుడిచిపెడుతుంది. వందేళ్లుగా మంటల్ని ఆర్పేస్తున్నాం కాబట్టి ఇప్పుడు "వదిలేయడం" అంటే పాత అడవిని అలాగే ఉంచడం అవదు. కింద ఫర్ కమ్ముకుంటూ పోతుంది.

ఫర్ కమ్ముకుంటే ఏమవుతుందో 2025 మేలో చూశాం. స్ప్రూస్ బడ్‌వార్మ్ అనే గొంగళిపురుగు వరసగా కొన్నేళ్లు లేతాకు తినేస్తే ఫర్ నిలువునా ఎండిపోతుంది. ఎండిన సూదాకుల కట్టె ఎలా మండుతుందో చెప్పక్కర్లేదు. డులూత్‌కు ఉత్తరాన బ్రిమ్సన్ దగ్గర రేగిన, క్యాంప్ హౌస్ అని పేరు పెట్టిన కార్చిచ్చుకు అలాంటి ఎండు ఫర్ మేతైంది. సుమారు 12 వేల ఎకరాలు కాలాయి, ఇళ్లు, షెడ్లు కలిపి వందకు పైగా కట్టడాలు పోయాయి.

అందుకే నా మాట ఇది: ఆరోగ్యంగా ఉన్న మేపుల్ మెట్టను, సీడార్ బాడవను నిశ్చింతగా వదిలేయండి. మా 8 ఎకరాల మేపుల్‌ను మేమూ వదిలేశాం. ఇంటికి దగ్గర్లో ఎండు ఫర్ ఉంటే మాత్రం వదిలేయకండి.

మేపుల్ ముక్క వదిలేసేవాళ్లకు ఒక చిన్న మాట, మనవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మన ఊళ్లలో వానపాము రైతు నేస్తం. ఇక్కడ హిమానీనదాలు ఒరుసుకుపోయిన నేలలో అసలు వానపాములే లేవు. ఉన్నవన్నీ బయటి నుంచి వచ్చినవే, చాలావరకు గాలానికి గుచ్చే ఎరగా. రాలిన ఆకుల మెత్తను అవి తినేస్తే, ఆ మెత్తలో మొలకెత్తాల్సిన మేపుల్, అడవి పూల మొక్కలు లేకుండా పోతాయి. చేపలు పట్టాక మిగిలిన ఎరను చెత్తబుట్టలో వేయండి, అడవిలో పారేయకండి. ఇంటి నుంచి వర్మీకంపోస్టు తీసుకెళ్లకండి.

## 2. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం

రెడ్ పైన్ తోట ఉన్నవాళ్లకు ఇదే మొదటి మెట్టు. పని ఒక్కటే: పలచన చేయడం.

పలచన ఎందుకో మా తోటలో కొట్టిన ఒక మొద్దు చూసి తెలుసుకున్నాను. కోత మీద నీళ్లు చల్లి గుడ్డతో తుడిస్తే వలయాలు తేలాయి. మధ్యలో ఉన్న మొదటి పాతిక వలయాలు ఒక్కోటి అగ్గిపుల్ల మందాన ఉన్నాయి. అక్కడి నుంచి సన్నబడుతూ పోయి, చివరి 15 ఏళ్లవి కాగితాల్లా అతుక్కుపోయాయి. గోటితో విడదీసి లెక్కపెట్టాల్సి వచ్చింది. చుట్టూ చెట్లు తోసుకుంటుంటే దానికి వెలుతురు, నీళ్లు అందలేదు. 2021 కరువు నాటికి అది అలా ఆకలితో ఉంది. బలహీనపడిన పైన్‌కు బెరడు పురుగు పడుతుంది. పలచన చేసిన తోటల్లో మిగిలిన చెట్లు కరువుకు తక్కువగా కుంగుతాయని, త్వరగా తేరుకుంటాయని ఇక్కడి దీర్ఘకాలిక ప్రయోగాల్లో తేలింది.

సాధారణంగా పాతిక, ముప్పై ఏళ్ల వయసులో మొదటి పలచన, ఆ తర్వాత పదేళ్లకోసారి. కలపకు కొంత డబ్బు కూడా వస్తుంది. ముఖ్యంగా చూసుకోవాల్సింది కోసే కాలం. వసంతంలో, వేసవిలో కొట్టి పచ్చి పైన్ కొమ్మలు అలాగే వదిలేస్తే బెరడు పురుగులు వాటిలో పెరిగి, నిలబడి ఉన్న చెట్ల మీదకు పోతాయి. అందుకే శీతకాలపు కోత మంచిది. ఆ శీతకాలమే ఇప్పుడు నమ్మకంగా రావడం లేదు, మాకు ఒక ఏడాది పోయింది అందుకే. ఒప్పందంలో ఒకే చలికాలం రాయకుండా రెండు మూడు చలికాలాల గడువు పెట్టించుకోండి.

దీనికి ఒక హద్దు ఉంది. పలచన చేసినా అది ఒకే వయసు, ఒకే జాతి తోట. రేపు ఆ జాతికే ఒక తెగులు వస్తే తోట మొత్తానికీ వస్తుంది.

## 3. కలగలిపి, కోలుకునేలా చేయడం

కట్‌ఫుట్‌లో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇదే. తోటంతా సమానంగా పలచన చేయరు. అక్కడక్కడా అరెకరం ఖాళీలు తెరుస్తారు, అక్కడక్కడా అసలు ముట్టుకోని దుబ్బులు వదులుతారు, మిగతాది పలచన చేస్తారు. నడుస్తుంటే ఒకచోట ఎండ, ఒకచోట చీకటి, ఒకచోట చెట్ల మధ్య నుంచి వచ్చే వెలుగు. ఆ ఖాళీల్లో ఈ ప్రాంతపు చెట్లనే, కానీ రకరకాలవి, రానిస్తారు.

చిన్న భూమి ఉన్నవాళ్లు దీన్ని సులభంగా చేసుకోవచ్చు. ఖాళీల్లో వైట్ పైన్ పెట్టండి. పెద్ద రెడ్ పైన్ కింద మళ్లీ రెడ్ పైన్ మొక్కలు పెట్టొద్దు. పై చెట్ల నుంచి రాలే చిగురు తెగులు కింది మొక్కలను చంపేస్తుంది. వైట్ పైన్‌కు కొంచెం నీడ మంచిదే, కొనను తొలిచే పురుగు నీడలో తక్కువ. బ్లిస్టర్ రస్ట్ తెగులు రాకుండా కింది కొమ్మలు ఏటా కొంచెం కొంచెం కత్తిరించాలి.

ఇక జింకల సంగతి. అక్టోబరులో ఒక శనివారం పొద్దున ఒక కాగితాల కట్ట, స్టేప్లర్ పట్టుకుని వెళ్తాం. నాలుగంగుళాలు, ఆరంగుళాలున్న కాగితాన్ని మొక్క కొనమొగ్గ చుట్టూ మడిచి, కొన్ని సూదాకులు కూడా పట్టుకునేలా రెండు మూడు పిన్నులు కొడతాం. మొగ్గకు కాగితం టోపీ పెట్టినట్టుంటుంది. వసంతంలో మొగ్గ దాన్ని తోసుకుని పైకొస్తుంది. ఒక్కో మొక్కకు అర నిమిషం. మొక్క నాలుగైదు అడుగులు పెరిగి జింక నోటికి అందనంత ఎత్తుకు వెళ్లేదాకా ఏటా చేయాలి. ఒక ఏడాది నాకు పని ఒత్తిడి ఎక్కువై మానేశాను. ఆ చలికాలంలో 60 మొక్కల్లో 40కి పైగా కొనలు పోయాయి. అవి ఇప్పుడు పొదల్లా గుబురుగా ఉన్నాయి, చెట్లు అవుతాయో లేదో చూడాలి. ఏటా అక్టోబరులో ఒక రోజు ఇవ్వలేనివాళ్లు వైట్ పైన్ తక్కువ నాటి, కంచె కట్టుకోవడం మేలు.

## 4. దక్షిణపు చెట్లకు చోటివ్వడం

ఈ ఐదు మార్గాల్లో వాదన ఎక్కువ జరిగేది దీని మీదే. కట్‌ఫుట్ ఖాళీల్లో రెడ్ ఓక్, బర్ ఓక్, వైట్ పైన్, రెడ్ మేపుల్‌తో పాటు ఇంకా దక్షిణాన పెరిగే వైట్ ఓక్, బిట్టర్‌నట్ హికరీ, బ్లాక్ చెర్రీ కూడా నాటారు. పడమటి నుంచి పాండరోసా పైన్ కూడా తెచ్చారు. ఈశాన్య మిన్నెసోటాలో నేచర్ కన్సర్వెన్సీ, డులూత్‌లోని విశ్వవిద్యాలయం కలిసి దక్షిణపు విత్తనంతో పెంచిన ఓక్ మొక్కలను ఉత్తరపు అడవుల్లో నాటి చూశాయి. స్థానిక విత్తనంతో వచ్చినవాటికి అవి తీసిపోలేదు.

చెట్లు వాటంతటవే ఉత్తరానికి రాలేవా అని అడుగుతారు. వస్తాయి, ఉడత మోసినంత దూరం, పిట్ట పారేసినంత దూరం. వాతావరణం అంతకంటే వేగంగా కదులుతోంది. అందుకే మనిషి మోసుకెళ్లడం న్యాయమే అని నా అభిప్రాయం.

కానీ దూకుడు వద్దు. ఈ రాష్ట్రంలో టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. సగటు పెరిగినంత మాత్రాన గడ్డుచలి రాత్రి ఇక రాదని కాదు. నాటే మొక్క 2070 వేడిని తట్టుకోవాలి, అంతకుముందు వచ్చే చలికాలాన్నీ తట్టుకోవాలి. కాబట్టి మరీ దూరం పోకుండా మధ్య మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు విత్తనం అడగండి. ఈ ప్రాంతంలో ఇప్పటికే ఉన్న బర్ ఓక్, రెడ్ ఓక్ జాతులే, కొంచెం దక్షిణపు విత్తనంతో, నమ్మకమైన తొలి అడుగు. హికరీ, వైట్ ఓక్ పదో పాతికో పెట్టి చూడొచ్చు. ఓక్ విల్ట్ అనే తెగులు మెల్లగా ఉత్తరానికి వస్తోంది. ఏప్రిల్ నుంచి జులై వరకు ఓక్ కొమ్మలు కత్తిరించకండి, బయటి నుంచి వంటచెరకు తీసుకురాకండి.

ఖర్చు, శ్రమ ఈ మార్గంలోనే ఎక్కువ. మొక్క కొనడం చవకే. దాని చుట్టూ ప్లాస్టిక్ గొట్టమో తీగ కంచో పెట్టడం, మూడు నాలుగేళ్లు హేజెల్ పొదలను కొట్టడం, ఇవే అసలు పని. మొదటి ఏడాది నేను గొట్టాలు లేకుండా 100 ఓక్‌లు నాటాను. రెండో వసంతానికి 11 మిగిలాయి. ఇప్పుడు ఏడాదికి 30 మాత్రమే నాటుతున్నాను, ప్రతిదానికీ గొట్టం ఉంటుంది.

## 5. ఆస్పెన్: పూర్తిగా కొట్టి పిలకలు రానివ్వడం

జామాయిల్, సుబాబుల్ తోటలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. జామాయిల్ కొడితే మొద్దు నుంచి పిలకలు వస్తాయి. ఆస్పెన్ కొడితే వేళ్ల నుంచి, ఎకరానికి వేలల్లో వస్తాయి. నాటే పనే లేదు. ఎండ బాగా తగలాలి, వేళ్లు నలగకూడదు, అంతే. 40, 50 ఏళ్లకు మళ్లీ కోత. కాగితం గుజ్జుకు, బోర్డులకు గిరాకీ ఉంటుంది. గ్రౌస్ పక్షులకు, జింకలకు ఆ లేత అడవి ఇల్లు.

ఆస్పెన్ కూడా వేడికి తగ్గే జాబితాలో ఉన్నదే. అయినా వయసు మీరి, గుండె కుళ్లి పడిపోతున్న ఆస్పెన్ కంటే లేత ఆస్పెన్ గట్టిది. కొట్టేటప్పుడు ఓక్, వైట్ పైన్, మేపుల్ ఏది కనపడినా వదిలేయమని రంగు గుర్తు వేయించండి. ఆస్పెన్ వెనకబడిన రోజున విత్తనమిచ్చే తల్లిచెట్లు అవే. కింద ఉన్న ఫర్ కూడా ఈ కోతలోనే తీయించేయండి, విడిగా తీయించాలంటే ఎదురు డబ్బు పెట్టాలి.

## పక్కపక్కన పెడితే

| మార్గం | ఎక్కడ నప్పుతుంది | డబ్బు | మీ శ్రమ | పెద్ద ప్రమాదం |
|---|---|---|---|---|
| వదిలేయడం | ఆరోగ్యమైన మేపుల్, సీడార్ | ఖర్చు లేదు | దాదాపు లేదు | ఫర్ కమ్ముకోవడం, మంటలు |
| నిలబెట్టడం | ఒత్తుగా ఉన్న పైన్ తోట | కొంత రాబడి | పదేళ్లకోసారి | అంతా ఒకే జాతి |
| కలగలపడం | పైన్ తోట, మిశ్రమ అడవి | కోతలో వచ్చింది నాటడానికి పోతుంది | ఏటా కొన్ని రోజులు | జింకలు |
| దక్షిణపు చెట్లు | ఖాళీలు, చచ్చిన చెట్ల చోటు | ఖర్చే | ఎక్కువ | గడ్డుచలి, జింకలు, పొదలు |
| ఆస్పెన్ పిలకలు | ముదిరిన ఆస్పెన్ | రాబడి | తక్కువ | దీర్ఘకాలంలో వేడి |

## బ్లాక్ యాష్ బాడవ ఉంటే ఆగకండి

పై ఐదింటిలో ఏది ఎంచుకోవాలో నిదానంగా తేల్చుకోవచ్చు. యాష్ విషయంలో అంత సమయం లేదు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు అమెరికాలో 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, 2009లో సెయింట్ పాల్‌కు వచ్చింది. దేశంలో యాష్ చెట్లు ఎక్కువగా ఉన్నది మిన్నెసోటాలోనే, దాదాపు వంద కోట్లు. మైనస్ 30 ఫారెన్‌హీట్ దాకా పడే చలికి బెరడు కింద దాగిన ఆ పురుగు చాలావరకు చచ్చేది. ఉత్తరాన ఇన్నాళ్లూ యాష్‌ను కాసింది ఆ చలే, ఇప్పుడు అలాంటి రాత్రులు తగ్గుతున్నాయి.

బాడవలో యాష్ చేసే పని వేసవంతా నీళ్లు తాగడం. అది చస్తే నీటిమట్టం పైకొచ్చి, చెట్టు మొలవని గడ్డి బాడవగా మిగిలిపోతుంది. ఎలాగూ పోతుంది కదా అని ముందే మొత్తం కొట్టేసినా ఇదే జరుగుతుంది. కొంచెం కొంచెంగా చిన్న గుంపులు తీసి, మధ్యలో స్వాంప్ వైట్ ఓక్, సిల్వర్ మేపుల్, హ్యాక్‌బెర్రీ లాంటివి ఎత్తైన దిబ్బల మీద నాటడం మంచిది. యాష్ నీడ, దాని దాహం రెండూ ఉండగానే కొత్త మొక్క వేరు పట్టాలి. బ్లాక్ యాష్ నార చీల్చి బుట్టలు అల్లడం ఓజిబ్వే ప్రజల కళ. మీ అడవిలో మంచి యాష్ ఉండి, కొట్టాల్సి వస్తే, దగ్గర్లోని తెగవాళ్లను అడిగి వాళ్లకు ఇవ్వండి.

## ఎవరికి ఏది

వారాంతపు క్యాబిన్ వాళ్లకు. ఇంటి నుంచి 30 అడుగుల లోపు ఫర్ అన్నది లేకుండా చేయండి, 100 అడుగుల దాకా పలచన చేయండి, గోడ పక్కన కట్టెలు పేర్చకండి. ఇది ఈ వేసవిలోనే చేయాల్సిన పని. మిగతా అడవికి పైన్ ఉంటే పలచన, లేకుంటే వదిలేయండి. అంతకుమించి పెట్టుకుంటే మొక్కల టెన్షన్ ఒకటి మిగులుతుంది.

పదేళ్లలో అమ్మేద్దామనుకునేవాళ్లకు. ఆస్పెన్ కోత, పైన్ పలచన. ఓక్ నాటినా దాని ఫలితం మీరు చూడరు. అయితే కోసేటప్పుడు తల్లిచెట్లు వదలడానికి అదనపు ఖర్చేమీ కాదు, దయచేసి వదలండి.

పిల్లలకు ఇద్దామనుకునేవాళ్లకు. కలగలపడం, దానిలో చిన్న ముక్కల్లో దక్షిణపు ఓక్. మా ఇంట్లో ఇదే. పెద్ద ఖాళీ ఒకటి తెరిచే బదులు రెండు మూడు చిన్నవి తెరవండి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది.

పన్ను చూసుకునేవాళ్లకు. మిన్నెసోటాలో 20 ఎకరాలు, రాసిపెట్టుకున్న అడవి నిర్వహణ ప్రణాళిక ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి టూసీ అనే తగ్గింపు పన్ను తరగతి. రెండోది ఎస్‌ఎఫ్‌ఐఏ: 8, 20 లేదా 50 ఏళ్లు అడవిగానే ఉంచుతానని ఒప్పుకుంటే ఎకరానికి ఇంత అని ఏటా డబ్బు ఇస్తారు. ఆ ఒప్పందం భూమితో పాటు కొత్త యజమానికీ వర్తిస్తుంది. కాబట్టి అమ్మే ఆలోచన ఉంటే సంతకానికి ముందు బాగా ఆలోచించుకోండి. రెండూ ఒకే భూమికి కలిపి తీసుకోలేరు.

## మొదలుపెట్టే వరస

ముందు రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్‌ఆర్) ప్రైవేటు అడవుల ఫారెస్టర్‌కో, స్వతంత్ర ఫారెస్టర్‌కో ఫోన్ చేసి భూమి నడిపించి ప్రణాళిక రాయించుకోండి. పన్నుకు, సాయానికి, కలప అమ్మకానికి అన్నింటికీ అదే ఆధారం. కలప కొట్టేవాళ్లతో నేరుగా మాట్లాడకండి. చెట్లకు గుర్తు వేసి, ధర పిలిపించే పని ఫారెస్టర్‌కు అప్పగించండి. మొక్కలు కౌంటీ నేల సంరక్షణ కార్యాలయంలో వసంతానికి అమ్ముతారు కానీ ఆర్డరు చలికాలంలోనే ఇవ్వాలి. దక్షిణపు విత్తనం ఓక్‌లు కావాలంటే ఇంకా ముందే అడగాలి, త్వరగా అయిపోతాయి.

మాకు 2025 జనవరిలో నేల బిగిసింది. మంచు తక్కువ ఉండటంతో చలి లోతుగా దిగింది. తొమ్మిది రోజుల్లో పైన్ పలచన అయిపోయింది, మూడు ఖాళీలు తెరిచారు, ఎండు ఫర్ బండ్లకెత్తి తీసుకుపోయారు. వసంతంలో మంచు కరిగాక వెళ్తే, ఇన్నాళ్లూ నీడలో ఉన్న నేల మీద ఎండ పడుతోంది. మధ్య ఖాళీలో మేం నాటని బర్ ఓక్ మొలక ఒకటి, రెండాకులతో. ఎక్కడి ఉడత తెచ్చి పాతిందో తెలియదు. దాని చుట్టూ కూడా ఒక గొట్టం పెట్టాం.